వెనకద్దం చూశాక మాట్లాడుకుందాం

(పోయిన ఆదివారం సాయంత్రం శ్రీకాకుళంలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో మాట్లాడింది ఇది. మాట్లాడినాయన ముప్ఫై ఏళ్ళుగా సెలూన్ నడుపుతున్నారు, తనూ జుట్టు నాటించుకున్నారు. రాలేకపోయినవాళ్ళు అడిగారని ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాను. తడబాట్లు తీసేశాను, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. మైకు అలవాటు లేదండి నాకు. చేతిలో కత్తెర ఉంటే పొద్దున్నుంచి రాత్రి దాకా మాట్లాడతాను, మైకు పట్టుకుంటే నోరు ఎండిపోతుంది, ఏటనుకోకండి. ముందు వరసలో సగం మంది నా కస్టమర్లే, మీ నెత్తులు నాకు కంఠతా వచ్చు. మాస్టారూ మీరు నవ్వకండి, మీ సుడి దగ్గర ఎప్పుడు పలచబడిందో మీకన్నా నాకే ముందు తెలుసు.

అక్కడి నుంచే మొదలెడతాను. బట్టతల సంగతి దాని సొంతదారుకి అందరికన్నా ఆఖర్న తెలుస్తుంది. ఎందుకు? ఇంట్లో అద్దంలో మన మొహమే కదా కనపడేది. నడినెత్తి ఎవరికి కనపడుతుంది? మంగలికి కనపడుతుంది, బస్సులో వెనక నిలబడ్డవాడికి కనపడుతుంది. తల మీద లక్ష దాకా వెంట్రుకలుంటాయండి, అందులో దగ్గర దగ్గర సగం పోతేగానీ మామూలు కంటికి పలచగా అనిపించదట. అంటే నా కుర్చీలో కూచుని "అన్నా, ఈ రెండు నెలల్నుంచే ఊడుతోంది" అని చెప్పే గుంటడికి అప్పటికే ఎన్నో ఏళ్ళ నుంచి పోతూ ఉండొచ్చు, వాడు చూసుకోలేదంతే. రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు ఊడటం మాత్రం అందరికీ మామూలే, దువ్వెనకి నాలుగు వచ్చాయని గాబరా పడి డబ్బులు తీసేవాళ్ళని కూడా చూశాను.

మా షాపులో క్రాఫు అయిపోయాక ఏటి చేస్తాం? చిన్న అద్దం ఒకటి తీసి వెనక పట్టుకుంటాం, ముందు అద్దంలో మీ వెనక భాగం కనపడేలా. అందరూ ఒక సెకను చూసి "బావుంది బావుంది" అని తల ఊపేస్తారు. ఎవరూ చూడరండి నిజంగా. ఈరోజు నేను చెప్పేదంతా ఆ వెనకద్దం గురించే. జుట్టు నాటించుకోవాలా వద్దా అన్నది నుదురు చూసి తేల్చుకునేది కాదు. మెడ మీద, చెవుల వెనక, అక్కడ ఎంతుందో చూసి తేల్చుకోవాలి.

నా సంగతి చెప్తాను. నాకు నలభై ఒకటో ఏట చేయించుకున్నాను. అప్పటికి ముందంతా ఖాళీ, నడినెత్తి పలచన. ఇంకో పనిలో ఉంటే పట్టించుకునేవాణ్ణి కాదేమో. కానీ బట్టతల మంగలి దగ్గర హెయిర్ ఆయిల్ ఎవడు కొంటాడు చెప్పండి? "ముందు నీ బుర్ర చూసుకోవోయ్" అని రోజుకి ఒకడైనా అనేవాడు. నవ్వేసేవాణ్ణి. నవ్వుతూనే రాత్రి ఫోన్లో ఆ వీడియోలు చూసేవాణ్ణి, ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో. ఆ ఫోటోలు చూసేవాళ్ళకి ఒకటి చెప్తాను, మా వృత్తి కాబట్టి తెలుసు. తడి జుట్టు, నెత్తి మీద పై నుంచి లైటు, మొదటి ఫోటో అలా తీస్తారు. రెండో ఫోటోలో జుట్టు ఆరబెట్టి ముందుకి దువ్వి ఎదురుగా లైటు పెడతారు. సగం జుట్టు అక్కడే మొలిచేస్తుంది, ఆపరేషన్ అక్కర్లేదు.

మొదట వైజాగ్‌లో ఒక చోటికి వెళ్ళాను, పేరు వద్దు. ఏసీ, కాఫీ, అంతా బావుంది. కౌన్సెలర్ అని ఒక అమ్మాయి వచ్చి నా నుదురు చూసి ట్యాబ్‌లో ఏదో కొట్టి "సార్ మీకు 4,000 గ్రాఫ్టులు, ఈరోజు అడ్వాన్స్ కడితే ఆఫరుంది, రేపటికి ఉండదు" అంది. గ్రాఫ్టంటే వెనక నుంచి తీసి ముందు నాటే ఒక్కో కుదురు. డాక్టరేడమ్మా అంటే ఆపరేషన్ రోజు కలుస్తారు అంది. ఉల్లిపాయలకి కూడా మనం సంచిలో చెయ్యి పెట్టి అడుగున చూస్తాం కదండి. ఆవిడ నా వెనక వైపు ఒక్కసారి చూడలేదు. టీ తాగి వస్తానని చెప్పి బస్ కాంప్లెక్స్‌కి వచ్చి శ్రీకాకుళం బస్సెక్కేశాను.

రెండో చోట స్కిన్ డాక్టర్. ఆయన మాట్లాడకుండా కుర్చీ తిప్పాడు. లెన్సు ఒకటి తీసి వెనక పెట్టి, పది నిమిషాలు, ఒక్కో చోట ఎన్ని ఉన్నాయి, లావుగా ఉన్నాయా సన్నబడుతున్నాయా, పైకీ కిందకీ చూశాడు. తర్వాత మీ నాన్నగారికి ఎలా ఉండేది, మీ మేనమామలకి ఎలా ఉండేది అని అడిగాడు. గోడ మీద చార్టు చూపించాడు, బట్టతల మెట్లు ఒకటి నుంచి ఏడు దాకా బొమ్మలేసి ఉంటాయి, నార్‌వుడ్ అని అమెరికా డాక్టర్ 1975లో దాన్ని సరిచేసి పెట్టాడట. నేను నాలుగు దగ్గరున్నాను. మా నాన్న ఏడు. డాక్టర్ అన్నాడు, "మీరు ఈరోజు నాలుగే, కానీ నేను ఏడుకి ప్లాన్ వెయ్యాలి". ఆ మాటతో నాకు నమ్మకం కుదిరింది.

అసలు ఇదంతా ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పుకుందాం, బోరు కొట్టదు, పొలం భాషలోనే చెప్తాను. మగాళ్ళలో వచ్చే ఈ బట్టతలకి కారణం డీహెచ్‌టీ అని ఒక హార్మోను. వంశంలో ఆ గుణం ఉన్నవాళ్ళకి నుదుటి మీద, నడినెత్తి మీద కుదుళ్ళు దాన్ని తట్టుకోలేవు, ఏడాదికేడాది సన్నబడి నూగు అయిపోయి ఆఖరికి ఆగిపోతాయి. వెనకా చెవుల పక్కనా ఉన్నవి దానికి చలించవు. అందుకే ఎంత బట్టతల వాడికైనా ఆ గుర్రపు నాడాలాంటి పట్టీ మిగులుతుంది. మరి ఆ వెనకది తీసి ముందు పెడితే? అది ముందుకొచ్చినా దాని బుద్ధి మారదు, వెనకున్నట్టే పెరుగుతుంది. జపాన్‌లో ఒకుడా అనే డాక్టర్ 1939లోనే కాలిన మచ్చల మీద ఇలా నాటి రాసుకున్నాడు, యుద్ధం రోజులు, బయట ఎవరికీ తెలీలేదు. న్యూయార్క్‌లో ఓరెన్‌ట్రైక్ అనే ఆయన 1952లో బట్టతల మీద చేసి చూపించాడు. అప్పట్లో 4 మిల్లీమీటర్ల చిల్లులు పెట్టి గుత్తులు గుత్తులుగా నాటేవారట, దుబ్బులు దుబ్బులుగా లేచేవి, బొమ్మ తలలాగ. ఇప్పుడు ఒక మిల్లీమీటరు, అంతకన్నా సన్నం పంచ్‌తో ఒక్కో కుదురు తీస్తున్నారు, దాన్నే ఎఫ్‌యూఈ అంటున్నారు. ఒక్కో కుదురులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి. ఆ కుదురే గ్రాఫ్ట్. వెనక తోలు పట్టీలా కోసి కుట్లేసి చేసే పద్ధతి ఇంకోటుంది, దానికి గీత పడుతుంది. చిన్న క్రాఫు కొట్టించుకునేవాళ్ళకి అది వద్దని నా మాట, గీత నాకు వెంటనే కనపడిపోతుంది.

అంటే ఊడుపులే కదా. వెనక నారుమడి, ముందు చేను. నారు తీసి నాటుతున్నాం. ఇక్కడున్న రైతులకి చెప్పక్కర్లేదు. కానీ ఒక్క తేడా ఉంది, ఆ తేడా దగ్గరే అందరూ బోల్తా పడుతున్నారు. వరి నారు అయిపోతే మళ్ళీ చల్లుకుంటాం. ఈ నారుమడిలో తీసిన చోట మళ్ళీ మొలవదు. ఒక మనిషికి మొత్తం బతుక్కి కలిపి ఐదారు వేల కుదుళ్ళు తియ్యగలిగితే గొప్ప, చాలామందికి అంత కూడా రాదు. 4,000 మొదటిసారే ముందు పెట్టేస్తే, పదేళ్ళ తర్వాత నడినెత్తి ఖాళీ అయితే ఎక్కణ్ణుంచి తెస్తారు? ఎక్కువ లాగేస్తే వెనక కూడా చెదలు తిన్నట్టు అయిపోతుంది. అలాంటి నెత్తులు నా కుర్చీలోకి వచ్చాయి. "అన్నా, వెనక కొంచెం పొడుగు ఉంచన్నా" అంటారు మెల్లగా. ఎందుకో నాకు తెలుసు, అడగను.

ఒక కుర్రాడి సంగతి చెప్తాను, ఊరు పేరు చెప్పను. ఇరవై మూడేళ్ళు. నెల రోజుల్లో పెళ్ళిచూపులు. కణతల దగ్గర కొంచెం వెనక్కెళ్ళిందంతే, నేనైతే క్రాఫుతో కవర్ చేసేద్దును. వాళ్ళ నాన్న ఎక్కడికో తీసుకెళ్ళి ముందు లైను బాగా కిందకి పెట్టించాడు, పదో తరగతి ఫోటోలో ఉన్నట్టు. ఆర్నెల్లకి బ్రహ్మాండంగా వచ్చింది, నాక్కూడా చూపించి మురిసిపోయాడు. ఐదేళ్ళయింది. నాటినవి నాటినట్టే ఉన్నాయి, వాటి వెనకున్న సొంత జుట్టు మాత్రం దాని దారిన అది పోయింది. ఇప్పుడు ముందు ఒక గట్టు, దాని వెనక ఖాళీ, ఆ వెనక నారుమడి. కలింగపట్నంలో ఆటుకి ఇసక దిబ్బ తేలినట్టుంటుంది. నెలకోసారి వచ్చి ఆ ముందుది మెషీన్ పెట్టి తీసేయమంటాడు. డబ్బులిచ్చి నాటించుకున్నదాన్ని డబ్బులిచ్చి తీయించుకుంటున్నాడు. అందుకే పాతికేళ్ళ లోపు వాళ్ళు అడిగితే నేను ఆగమంటాను. ఎటు పోతుందో, ఎంత పోతుందో తెలిసేదాకా ఆగితే ఏటి పోతుంది? ముందు డాక్టరుకి చూపించుకో, మందులతో ఉన్నది నిలబెట్టుకో.

మందులన్నాను కాబట్టి. మినాక్సిడిల్ అని రాసుకునేది, ఫినాస్టరైడ్ అని మింగేది, ఈ రెండూ బట్టతలకి ఎప్పట్నుంచో వాడుతున్నారు, ఒకటి బీపీ మందుగా మొదలైంది, ఇంకోటి ప్రోస్టేట్ మందుగా మొదలైంది, తర్వాత జుట్టుకి పనికొస్తున్నాయని కనిపెట్టారు. నాటించుకున్నవాళ్ళకి కూడా ఇవి ఎందుకు రాస్తారంటే నాటినదాని కోసం కాదు, నాటకుండా మిగిలిన పాత జుట్టు పోకుండా. మానేస్తే దాని లాభం కూడా కొన్నాళ్ళకి పోతుంది. ఫినాస్టరైడ్‌కి కొద్దిమందిలో సంసార సుఖం దగ్గర ఇబ్బందులు, మనసు దిగులు, ఇలాంటివి వస్తాయి. సిగ్గుపడకుండా డాక్టర్ని అడగండి. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు విరిగిన బిళ్ళని తాకకూడదు కూడా. ఆ మెడికల్ షాపువాడు ఇచ్చాడని మింగేయకండి. ఇంకా, అన్ని జుట్టు రాలడాలూ ఒకటి కావు. టైఫాయిడో డెంగ్యూనో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకి దోసిళ్ళతో ఊడుతుంది, అది చాలావరకు తనంతట తనే తిరిగొస్తుంది. థైరాయిడ్, రక్తం తక్కువ, వీటివల్లా ఊడుతుంది. పేనుకొరుకుడు అయితే గుండ్రంగా రూపాయి బిళ్ళలా పోతుంది, దాని మీద నాటితే నాటిందీ పోవచ్చు. అమ్మా, మీరు అడిగారు కదా ఇందాక, ఆడవాళ్ళకి మొత్తం పలచబడుతుంది, వెనక కూడా, అందుకే వాళ్ళలో చాలామందికి ఈ ఆపరేషన్ కుదరదు, ముందు రక్త పరీక్షలు చేయించుకోండి.

ఎవరి చేత చేయించుకోవాలి? దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ముప్ఫై ఏళ్ళుగా కత్తి పట్టానండి, చెయ్యి వణకదు, పది రోజులు చూపిస్తే ఆ కుదుళ్ళు నేనూ తీసేయగలను, పొగరు కాదు, నిజం. కానీ మత్తు ఇంజక్షన్ డోసు ఎక్కువై మనిషికి ఫిట్స్ వస్తే నేనేటి చేస్తాను? మొహం మీద నీళ్ళు కొడతానా? తెలీని పని కత్తితో చెయ్యకూడదని మా తాత నాకు గడ్డం గియ్యడం నేర్పినప్పుడే చెప్పాడు. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ వాళ్ళు రాసిందీ అదే, వర్క్‌షాపులో చూసినంత మాత్రాన, యూట్యూబ్‌లో చూసినంత మాత్రాన ఇది వచ్చినట్టు కాదు, శిక్షణ ఉన్న డాక్టరే చెయ్యాలని. కాన్పూర్‌లో జుట్టు నాటించుకున్న ఇద్దరు ఇంజినీర్లు చనిపోతే 2025లో కేసులయ్యాయి, పేపర్లో చదివే ఉంటారు. జుట్టు కోసం వెళ్ళి. కాబట్టి సిగ్గుపడకుండా అడగండి, మీ చదువేంటి, రిజిస్ట్రేషన్ నంబరేంటి, మత్తు ఎవరిస్తారు, చిల్లులు ఎవరు పెడతారు, ఆక్సిజన్ ఉందా, ఏదైనా అయితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు. షుగర్, బీపీ, రక్తం పలచబడే బిళ్ళలు, ఇవి దాచకండి. మన జిల్లాలో ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి చెప్పక్కర్లేదు కదా, అటువైపు వాళ్ళైతే క్రియాటినిన్, అదే కిడ్నీల రక్త పరీక్ష, చూపించుకోకుండా తర్వాత ఇచ్చే నొప్పి బిళ్ళలు సొంతంగా మింగొద్దు.

డబ్బులు బేగి చెప్పేస్తాను. నాకు 2,200 గ్రాఫ్టులు, ఒక్కోటి 40 రూపాయలు, 88,000. బిల్లు చూస్తే ఇంకో 15,840 ఉంది, ఏటంటే జీఎస్టీ 18 శాతం. వైద్యానికి జీఎస్టీ లేదు కదా అన్నాను, జుట్టు నాటడానికి ఉందట, దెబ్బ తగిలో పుట్టుకతోనో లోపముంటే తప్ప. ఇన్సూరెన్స్‌లు కూడా ఇవ్వవు. అప్పు చేసి చేయించుకునే పని మాత్రం కాదిది.

ఇక ఆ రోజు. పొద్దున్న 8కి మొదలెడితే సాయంత్రం 5 దాటింది. ముందు ఒక కుర్రాడొచ్చి మెషీన్‌తో గుండు చేశాడు. మెడ దగ్గర మెషీన్ ఎలా పడితే అలా తోస్తున్నాడు, ఇలా కాదు తమ్ముడూ అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. డాక్టర్ మార్కర్‌తో లైను గీశాడు. ఇంకో అంగుళం కిందకి గియ్యండి అన్నాను. ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళ మొహానికి ఇరవై ఏళ్ళ నుదురు పెడితే విగ్గు పెట్టుకున్నట్టుంటుంది అన్నాడు. మా కుర్చీలో కస్టమర్‌కి నేను చెప్పే మాటలాగే ఉంది అది, నోరు మూసుకున్నాను. ఇంజక్షన్లు చీమ కుట్టినట్టుంటాయి అంటారు. అబద్ధం. కందిరీగలు. నెత్తి చుట్టూ కందిరీగలు. గుండె కాసేపు దడదడలాడింది, రక్తం కారకుండా అందులో అడ్రినలిన్ కలుపుతారట, దానివల్ల. పది నిమిషాలకి తల నాది కానట్టు అయిపోయింది. బోర్లా పడుకుని మొహం బల్లకున్న చిల్లులో పెట్టి నేల చూస్తూ, వెనక టిక్ టిక్ టిక్ అని చప్పుడు, ఒకావిడ లెక్క పెడుతోంది.

మధ్యాహ్నం ఇడ్లీ పెట్టారు. అప్పుడు చూపించమన్నాను. గాజు గిన్నెలో చల్లటి సెలైన్, అందులో తడి గుడ్డ మీద పదేసి పదేసి వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోటీ నువ్వు గింజలో సగం, తెల్లటి కండ, దానికి నల్లటి తోక. కొన్నిటికి రెండు తోకలు, కొన్నిటికి మూడు. ముప్ఫై ఏళ్ళలో ఎంత జుట్టు ఊడ్చి డ్రమ్ములో పారేసుంటాను నేను? చీపురుతో, లెక్క లేకుండా. అక్కడ నా పది వెంట్రుకలు పట్టకారుతో పట్టుకుంటుంటే పడేస్తారేమోనని భయమేసింది. ఒంటి వెంట్రుక ఉన్నవి ఏరి ముందు వరసకి, రెండూ మూడూ ఉన్నవి వెనక్కి. అలా నాటితేనే సహజంగా ఉంటుంది.

తర్వాత ఇంటికొచ్చాను, అసలు ఆపరేషన్ అప్పుడు మొదలైంది. నేను సంక్రాంతి వెళ్ళాక పెట్టుకున్నాను, ఎందుకంటే పండగ ముందు మాకు షాపు వదిలే వీల్లేదు, ఎండాకాలం అయితే చెమట. మొదటి వారం వెల్లకిలా, తల ఎత్తుగా, నాలుగు దిండ్లు పెట్టుకుని, పక్కకి తిరగకూడదు. గోదాంలో బస్తాకి ఆనుకుని పడుకున్నట్టే. గంట గంటకీ సెలైన్ స్ప్రే కొట్టాలి. జీవితమంతా జనాల నెత్తి మీద స్ప్రే బాటిల్ కొట్టినవాణ్ణి, మా ఆవిడ నా నెత్తి మీద కొడుతుంటే కళ్ళు మూసుకుని కూచున్నాను. ఇంకా కొట్టవే అంటే "టిప్పు ఇస్తావేటి" అంది. మూడో రోజు పొద్దున్న లేచేసరికి నుదుటి వాపు నీరు కళ్ళ మీదకి దిగింది, కళ్ళు తెరుచుకోలేదు, మా చిన్నది చూసి ఏడ్చి బయటకి పారిపోయింది. దీనికి భయపడకండి, చాలామందికి రెండో రోజు నుంచి నాలుగైదు రోజుల దాకా ఉంటుంది, దానంతట అది దిగిపోతుంది. కానీ జ్వరం, చీము, రోజురోజుకీ పెరిగే నొప్పి, ఇవుంటే ఫోన్ చెయ్యాలి, ఆగకూడదు.

ఆ తొమ్మిదో రోజు ఏటొచ్చిందో తెలుసా? రథసప్తమి! అరసవల్లి పక్కన పుట్టి, సూర్యనారాయణస్వామి పండగ రోజు ఎండకి భయపడి ఇంట్లో కూచున్నాను నేను. మా అమ్మ జిల్లేడాకులు, రేగిపళ్ళు పట్టుకొచ్చి తల మీద పెట్టుకుని తలారా పోసుకోమంది. ఏటి చెప్పాలి ఆవిడకి? అప్పటికింకా పొక్కులు పూర్తిగా రాల్లేదు. పది రోజుల దాకా కుదుళ్ళు గట్టిగా పట్టవు, గోకినా, దెబ్బ తగిలినా, తుండుతో తుడిచినా ఊడి రావచ్చు. నీళ్ళు మగ్గుతో మెల్లగా వదలాలి, షాంపూ నురగ అద్దాలి, రుద్దకూడదు. ఆఖరికి ఆకులు భుజాల మీద పెట్టుకున్నాను. "దేవుడికి భుజం మీద చెల్లుతుందేటిరా" అని వారం రోజులు సణిగింది. నెల లోపు కొబ్బరి నూనె కూడా రాయనివ్వలేదని ఇంకా కోపం.

హెల్మెట్ వద్దన్నారు రెండు వారాలు, అంటే బండి వద్దు. వంగొద్దన్నారు, మా పనేమో అంతా వంగి చేసేదే. షాపు మా తమ్ముడు చూసుకున్నాడు. సిగరెట్ తాగేవాళ్ళు ముందూ వెనకా కూడా మానాలి, రక్తం సరిగా అందక కుదుళ్ళు చచ్చిపోతాయి. వెనక వైపు తిమ్మిరి కొన్ని నెలలుంది నాకు, దువ్వెన తగులుతోందో లేదో తెలిసేది కాదు.

అసలు పరీక్ష నెల తర్వాత. నాటినవి రాలిపోతాయి! డాక్టర్ ముందే చెప్పాడు, కాగితం మీద రాసిచ్చాడు కూడా, అయినా దిండు మీద ఆ చిన్న చిన్న ముక్కలు చూస్తే గుండె జారిపోయింది. 1,03,840 రూపాయలు దిండు మీద. ఊడుపు అయ్యాక చేను చూడండి, వారం పది రోజులు పసుపచ్చగా వాలిపోయి ఉంటుంది, కొత్తవాడైతే చచ్చిపోయిందనుకుంటాడు. వేరు పట్టాక కదా తిరిగేది. ఇక్కడా వెంట్రుక రాలుతుంది, కుదురు లోపలే ఉంటుంది, రెండు మూడు నెలలు నిద్రపోయి మళ్ళీ లేస్తుంది. కానీ ఆ రెండు మూడు నెలలు మనం నలుగురిలో తిరగాలి కదా. ముందుకన్నా అన్యాయంగా ఉన్నాను. "ఏటండీ, డబ్బులు నాగావళిలో కలిపేసినట్టేనా" అన్నాడొకాయన క్షవరం చేయించుకుంటూ. చేతిలో కత్తి ఉంది, ఏమీ అనలేదు. నాలుగో నెలలో నూగులా మొదలైంది, వంకర టింకరగా, పంది వెంట్రుకలా గరుగ్గా. ఆరో నెలకి సగం. తొమ్మిది, పది నెలలకి దువ్వుకునేంత. నడినెత్తిది ఇంకా ఆలస్యం, ఏడాదిన్నర పట్టొచ్చు. వెంట్రుక నెలకి ఒక సెంటీమీటరు పెరుగుతుంది, దాన్ని తొందరపెట్టే నూనె ఏదీ లేదు, మా షాపులో అమ్మేవి కూడా కావు, నా వ్యాపారం పోయినా సరే చెప్తున్నాను.

నాకు ఎలా వచ్చింది? మీరే చూస్తున్నారు. సినిమా హీరో జుట్టు కాదు. ముందు ఒక మర్యాద వచ్చింది, నడినెత్తి ఇప్పటికీ పలచనే, అక్కడికి కొంత నారు దాచి ఉంచాడు డాక్టర్. అందరూ చేయించుకోండి అని నేను చెప్పను. పొట్టిగా మెషీన్ కొట్టించి, గడ్డం తీర్చి కూచోబెడితే హుందాగా ఉండేవాళ్ళు సగం మంది ఉన్నారు, వాళ్ళకి నేను అదే చెప్తాను, నెలకి వంద రూపాయల్లో అయిపోయే పని.

ఇంకో సంగతి చెప్పి ఆపేస్తాను. జుట్టు బాగా వస్తే తలనీలాలిస్తానని మా ఆవిడ తిరుపతి వెంకన్నకి మొక్కేసుకుంది. ఆవిడవి కాదండి, నావి! వచ్చిందని తెలిశాక చెప్పింది. పరుగెత్తుకుని డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన నవ్వి, ఏడాది దాటాక వెళ్ళండి, కత్తి పైనే తిరుగుతుంది, కుదురు లోపల ఉంటుంది, మళ్ళీ వస్తుంది అన్నాడు. పద్నాలుగో నెలలో వెళ్ళాం. కల్యాణకట్టలో సగం బ్లేడు పట్టుకుని కూచున్నాను, నా ముందుకి వచ్చినాయన నా ఈడువాడే. నీళ్ళు పోసి రెండు చేతులతో రుద్ది కత్తి పెట్టాడు. ముందంతా గీసేశాడు, ఏమీ అనలేదు. వెనక్కొచ్చాక చెయ్యి ఆగింది. ఆ తెల్ల చుక్కలు, తీసిన చోటు, గుండు చేస్తే కనపడతాయి. వంగి నా చెవి దగ్గర మెల్లగా అడిగాడు, "గ్రాఫ్టు ఎంత పడిందన్నా?"

నలభై అన్నాను. "ఎక్కువ పెట్టావు" అన్నాడు, మళ్ళీ గియ్యడం మొదలెట్టాడు.

అదండి. మళ్ళీ వచ్చింది, ఇది ఆ గుండు తర్వాత పెరిగిందే. ఎవరికైనా వెనక ఎంతుందో చూపించుకోవాలంటే షాపుకి రండి, అద్దం పట్టి చూపిస్తాను, దానికి డబ్బులు తీసుకోను. మంగళవారం మాత్రం రాకండి, సెలవు.